జిగ్సా పలకకు కొలత ముందు, చెక్క తర్వాత

ఈ వారం శీర్షికకు ఎంచుకున్న ఉత్తరాలన్నీ ఒకే వస్తువు గురించి: జిగ్సా పజిల్ పేర్చుకోవడానికి చెక్క పలక. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొలతలన్నీ అందులోనే ఉన్నాయి. మిగతా జవాబులు ఆ కొలతల మీదే నడుస్తాయి.

ప్రశ్న: నేను, మా అమ్మాయి వెయ్యి ముక్కల పజిల్స్ పేరుస్తం. డైనింగ్ టేబుల్ మీద సగం అయ్యేసరికి అన్నాల వేళ అవుతది, అంతా తీసెయ్యాలె. పజిల్‌తో సహా ఎత్తి పక్కన పెట్టుకునే పలక, కింద ముక్కలకు సొరుగులు ఉండేటట్టు వడ్లాయనతో చేయిద్దామనుకుంటున్న. ఏ సైజు, ఏ చెక్క, ఎంత సామాను? ఆయనకు చూపించేటట్టు వివరంగా రాయండి.
— ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వడ్రంగిని పిలవకముందే మూడు కొలతలు కాగితం మీద రాసుకోండి. పూర్తయిన పజిల్ ఎంత ఉంటుంది, పలకను ఎక్కడ దాస్తారు, అక్కడికి పోయే దారిలో తలుపు తెరిచాక ఎంత ఖాళీ మిగులుతుంది. ఈ మూడూ తేలకుండా చెక్క కొంటే అందమైన పలకే వస్తుంది గాని మంచం కిందికి పోదు.

పజిల్ కొలత పెట్టె మీదే ఉంటుంది. రావెన్స్‌బర్గర్ అనే పజిళ్ల కంపెనీ లెక్కలో 500 ముక్కలది 49 × 36 సెం.మీ., 1000 ముక్కలది 70 × 50, 1500 ముక్కలది 80 × 60, 2000 ముక్కలది 98 × 75. కంపెనీని బట్టి ఒకట్రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. వెయ్యి ముక్కలకే 30 × 24 అంగుళాలు వచ్చే పెట్టెలూ ఉన్నాయి. మీకు మేం చెప్పే పలక 36 × 30 అంగుళాలు, అంటే 915 × 762 మి.మీ. చుట్టూ 20 మి.మీ. అంచు పోగా లోపల 875 × 722 మి.మీ. మిగులుతుంది. మామూలు వెయ్యి ముక్కల పజిల్ నడుమ పెడితే కుడి ఎడమల తొమ్మిది, పైనా కిందా పదకొండు సెంటీమీటర్ల దాకా ఖాళీ ఉంటుంది. చిన్న చిన్న తునకలు జోడించుకోవడానికి ఆ ఖాళీ అక్కరకొస్తుంది. రేపు 1500 ముక్కలది కొన్నా ఇదే పలక సరిపోతుంది. 2000 ముక్కలది మాత్రం పట్టదు.

పై పలకకు 9 మి.మీ. ప్లైవుడ్, అడుగు పలకకు 6 మి.మీ., సొరుగుల అడుగుకూ పై మూతకూ 4 మి.మీ. వడ్రంగికి సూతుల్లో చెబితే సులువు: 9 అంటే మూడు సూతులు, 6 అంటే రెండు. పై పలకకు 6 వేస్తే డబ్బు కలిసొస్తుందని కొందరంటారు. వద్దు. రెండు చివర్లు పట్టి ఎత్తినప్పుడు అది నడుమ వంగుతుంది, వంగిన ప్రతిసారీ పజిల్ అతుకులు పైకి లేచి విడిపోతాయి. 12 మి.మీ. వేస్తే బరువు తప్ప లాభం లేదు, ఎందుకంటే గట్టిదనం కింద వేసే రీపర్ల (సన్నటి పొడవు చెక్క పట్టీల) నుంచి వస్తుంది.

దుకాణంలో కమర్షియల్ ప్లై అనేది ఎంఆర్ రకం, అంటే గాలిలోని తేమకు ఆగేది. నీళ్లకు ఇంకొంచెం ఆగేది బీడబ్ల్యూఆర్. రెండూ ఐఎస్ 303 అనే భారత ప్రమాణం కిందే వస్తాయి. ఐఎస్ 710 మెరైన్ ప్లై ఈ పనికి అనవసరం. పలకను తడిబట్ట పెట్టే నేల మీద దాచేటట్టయితే బీడబ్ల్యూఆర్ తీసుకోండి, లేకపోతే ఎంఆర్ చాలు. గ్రేడు కన్నా ముఖ్యం షీటు చదునుగా ఉండటం. షీటు అంచును కంటి దగ్గర పెట్టి, ఒక కన్ను మూసి చివరిదాకా చూడండి. వంపు ఉంటే అక్కడే తెలుస్తుంది. తర్వాత వేలి గణుపుతో జానెడు జానెడు దూరంలో తట్టండి. ఒకచోట డొల్లగా మోగితే లోపలి పొరలో సందు ఉన్నట్టు, సరిగ్గా అక్కడే స్క్రూ పట్టు తప్పుతుంది. ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసే బోర్డు) చదునుగా ఉంటుంది నిజమే, కానీ గ్లాసెడు నీళ్లు ఒలికితే అంచు ఉబ్బి మళ్లీ దిగదు. పార్టికల్ బోర్డు జోలికి పోకండి.

పూర్తి షీట్లు కొనొద్దు, కట్ పీసులు అడగండి. 9 మి.మీ. ఒకటి 36 × 30, 6 మి.మీ. ఒకటి అంతే. 4 మి.మీ. మాత్రం 5 × 4 అడుగుల ముక్క తీసుకుంటే మూత ఒకటి, సొరుగుల అడుగులు నాలుగు అందులోనే తేలతాయి. 4 × 4 తీసుకుంటే ఒక సొరుగుకు చాలదు. రీపర్లు 38 × 20 మి.మీ.వి పదమూడు అడుగులు, సొరుగుల పక్కలకు 30 × 12 పట్టీలు ఇరవై మూడు అడుగులు, అంచుకు 20 × 8 టేకు బీడింగ్ పన్నెండు అడుగులు. కోతలో పోయేది ఇందులో కలిపే ఉంది. ఆరో నంబరు స్క్రూలు ఒక అంగుళానివి, ముప్పావు అంగుళానివి చెరి యాభై. తెల్ల ఫెవికాల్ పావుకిలో. పై పలక మీద అతికించడానికి ఫెల్ట్ బట్ట ఒక మీటరు, మూతకు వెడల్పు ఇలాస్టిక్ పట్టీలు రెండు.

ఇక అమరిక. మూడు రీపర్లు పలక పొడవునా: ముందు అంచున ఒకటి, వెనక అంచున ఒకటి, నడుమ ఒకటి. నడుమ రీపర్‌కు అటొకటి ఇటొకటి, పలకకు సరిగ్గా మధ్యలో, 351 మి.మీ. ముక్కలు అడ్డంగా. దాంతో నాలుగు గదులు వస్తాయి, ఒక్కోటి 351 వెడల్పు, 447 లోతు, 38 ఎత్తు. సొరుగు బయటి కొలత 347 × 442 × 34. అంటే పక్కలకు రెండేసి మిల్లీమీటర్లు, పైన నాలుగు ఖాళీ. ఒక్కో సొరుగుకు 442 పట్టీలు రెండు, 323 పట్టీలు రెండు, కింద 4 మి.మీ. ప్లై. రెండు సొరుగులు ఎడమకు, రెండు కుడికి తెరుచుకోవాలి. ముందుకు తెరిస్తే ప్రతిసారీ మీ ఒడిలోకి వస్తాయి, పలకను వాలుగా నిలిపినప్పుడు వాటంతట అవే జారతాయి. పక్కలకు పెడితే ఆ బాధ లేదు, ఎదురుగా కూర్చున్న అమ్మాయికీ అందుతాయి.

నాలుగు సొరుగుల లోపలి విస్తీర్ణం కలిపితే అర చదరపు మీటరుకు కాస్త ఎక్కువ. పూర్తయిన వెయ్యి ముక్కల పజిల్ 0.35 చదరపు మీటర్లు. విడి ముక్కలు బొమ్మ పైకి కనిపించేటట్టు ఒక్క పొరగా పరవడానికి దానికి ఒకటిన్నర రెట్లయినా కావాలి. అంచు ముక్కలు ఎలాగూ పలక మీదికి పోతాయి కాబట్టి మిగతావి ఈ నాలుగింటిలో ఒకదాని మీద ఒకటి పడకుండా పడతాయి. సొరుగుల సంఖ్య తగ్గిద్దామని వడ్రంగి అంటే ఈ లెక్క చూపించండి.

బిగింపులో వరుస తప్పొద్దు. ముందు 9 మి.మీ. పలకను బోర్లా పెట్టి రీపర్లు జిగురుతో అతికించి, గునియా (మూలమట్టం) పెట్టి చూసి, ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు పట్టాలి. రెండు వైపులా 1191 మి.మీ. దగ్గర రావాలి. తేడా 2 మి.మీ. దాటితే జిగురు ఆరకముందే సరిచేయాలి. తర్వాత పైనుంచి ఒక అంగుళం స్క్రూలు, ఆరేసి అంగుళాలకు ఒకటి, 2.5 మి.మీ. బిట్‌తో ముందే బెజ్జం వేసి, తల లోపలికి దిగేటట్టు. ఆ గుంటలు పుట్టీతో నింపి 120 నంబరు ఎమ్రీ కాగితంతో చదును చేయాలి. లేకపోతే ఆరు నెలలకు ఫెల్ట్ కింద చిన్న చిన్న గుంటలు చేతికి తగులుతాయి. అడుగు పలకకు మాత్రం జిగురు వద్దు, ముప్పావు అంగుళం స్క్రూలు చాలు. ఎప్పుడైనా సొరుగు ఇరుక్కుంటే విప్పి చూసే దారి ఉండాలి. స్క్రూ రీపర్ నడుమనే దిగాలి. పక్కకు పోతే మొన సొరుగు గదిలోకి వచ్చి ముక్కల్ని గీరుతుంది.

సొరుగులు ఇరుక్కుంటే అందరూ వానాకాలాన్ని తిడతారు. చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగానే కదులుతుంది. 30 మి.మీ. పట్టీ ఎంత ఉబ్బినా అర మిల్లీమీటరు లోపే. పైన నాలుగు మిల్లీమీటర్లు వదిలినప్పుడు అది లెక్కలోకే రాదు. అసలు కారణం గునియా తప్పడం, లేదా సొరుగు పక్కలకు మూడు నాలుగు చేతులు పాలిష్ కొట్టడం. లోపల ఒక్క చేయి సీలర్ (చెక్క రంధ్రాలు మూసే పూత) చాలు, జారే అంచుకు కొవ్వొత్తి రుద్దండి. అలిసి నూనె మాత్రం ఎక్కడా వాడకండి. పజిల్ ముక్క అట్టతో చేసింది కాబట్టి చెక్కలో మిగిలిన నూనెను పీల్చుకుని మరకపడుతుంది. సీలర్ పూశాక కూడా వారం రోజులు గాలికి వదిలి, వాసన పోయాకే ముక్కలు పెట్టండి.

పట్టుకోవడానికి గుండ్రటి నాబ్‌లు బిగించొద్దు, మంచం కిందికి తోసేటప్పుడు తట్టుకుంటాయి. సొరుగు ముందు పట్టీకి నడుమ వేలు పట్టేంత గాడి తీయించండి, లేదా నాడా ముక్క కొట్టించండి. ఎత్తేటప్పుడు సొరుగు జారి పడకుండా ఒక్కోదానికి చిన్న చెక్క తిప్పుడు బిళ్ల పెట్టిస్తే చాలు.

అన్నీ కలిస్తే మందం ఇలా: అడుగు 6, రీపర్ 38, పై పలక 9, అంచు 8, మూత 4, కింద రబ్బరు బిళ్లలు 3. మొత్తం 68 మి.మీ. మంచం కింద కనీసం 90 మి.మీ. ఖాళీ చూసుకోండి. పెట్టె దివాన్ అయితే ఈ ఆశ వదులుకుని బీరువా మీదో, దివాన్ మీదో చోటు వెతకాలి. బరువు మూతతో కలిపి పదమూడు, పద్నాలుగు కిలోలు వస్తుంది. ఇద్దరు పట్టాలి. ఒక్కరే ఎత్తాల్సిన ఇల్లయితే సొరుగులు మానేసి, పై పలకకు 20 మి.మీ. ఎత్తు రీపర్లు మూడు మాత్రం కొట్టించండి. ఐదారు కిలోలతో అయిపోతుంది. ముక్కలకు మిఠాయి డబ్బాల మూతలు చక్కగా సరిపోతాయి.

ప్రశ్న: నాలుగు నెలల కింద వడ్రంగితో పజిల్ పలక చేయించాను. 6 మి.మీ. ప్లై మీద మెరిసే తెల్ల సన్‌మైకా. వానలు పడ్డాక గిన్నెలా వంగింది. ట్యూబ్‌లైట్ వెలుగుకు బొమ్మ కూడా కనిపించడం లేదు. బాగుచేయొచ్చా?
— ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: సన్‌మైకా ఒక్క వైపే అతికించారు, తప్పు అక్కడే ఉంది. పై వైపు తేమ చొరబడదు, కింది వైపు ప్లై మాత్రం వానాకాలం గాలిలోని తేమను తాగి వెడల్పవుతుంది. కింద పెరిగి పైన పెరగకపోతే పలక పైకి గిన్నెలా లేస్తుంది. ఏప్రిల్ ఎండలకు అదే పలక ఎదురు దిశలో కొంత తిరుగుతుంది కూడా. పలుచటి ప్లైకి ఏది అతికించినా రెండు వైపులా అతికించాలి. కింద ఖరీదైనది అక్కర్లేదు, లైనర్ అని అమ్మే పలుచటి సన్‌మైకా చాలు.

బాగుచేయొచ్చో లేదో తేల్చడానికి రెండు దారాలు కావాలి. ఒక మూల నుంచి ఎదురు మూలకు ఒక దారం, మిగతా రెండు మూలలకు ఇంకో దారం బిగుతుగా లాగి కట్టండి. నడుమ రెండు దారాలూ ఒకదానికొకటి ఆనుకుంటే పలక గిన్నెలా మాత్రమే వంగింది. ఒక దారం ఇంకోదానికి దూరంగా ఉంటే పలక మెలి తిరిగింది. దారాలను పైకీ కిందికీ మార్చి కూడా ఒకసారి చూడండి. మెలి తిరిగినదాన్ని రీపర్లు కూడా సరిగ్గా లాగలేవు, దాని మీద ఖర్చు పెట్టకండి. గిన్నె వంపయితే నాలుగైదు రోజులు ఫ్యాను గాలికి నిలువుగా కాదు, రెండు పీటల మీద పడుకోబెట్టి ఆరనివ్వండి. తర్వాత కింద లైనర్ అతికించి, చదునైన నేల మీద బోర్లించి రాత్రంతా బియ్యం బస్తా బరువు పెట్టండి. తెల్లారి 38 × 20 రీపర్లు మూడు నిలువు మందంగా, జిగురుతో, స్క్రూలతో బిగించండి. ప్లై 6 మి.మీ.దే కాబట్టి రీపర్ల మాట వింటుంది. స్క్రూ పొడవు చూసుకోవాలి: రీపర్ వైపు నుంచి పెడితే మొన సన్‌మైకాను చీల్చుకుని పైకొస్తుంది.

మెరుపుకు మందు పైన ఫెల్ట్ అతికించడం. అది ఇష్టం లేకపోతే బూడిద రంగు మందపాటి డ్రాయింగ్ అట్ట పరిచి నాలుగు మూలలా టేపు వేయండి. మెరిసే సన్‌మైకాను ఎమ్రీతో రుద్ది మసక చేద్దామనుకోకండి, చారలు చారలుగా తేలుతుంది. కొత్తగా చేయించేవాళ్లు మ్యాట్ రకమే అడగండి. తెలుపు, నలుపు రెండూ వద్దు. తెల్లదాని మీద కళ్లు త్వరగా అలుస్తాయి, రాత్రి ఆకాశం బొమ్మలో ముక్కలు నల్లదాని మీద కనిపించవు. బూడిద రంగు, మసక ఆకుపచ్చ బాగుంటాయి.

ప్రశ్న: మా పాత ఇల్లు విప్పినప్పుడు టేకు తలుపు రెక్కలు రెండు దాచినం. మా తాతల నాటి చెక్క. దాన్నే పజిల్ పలకగా చేయించుకోవద్దా? ప్లై ఎందుకు?
— ఓ పాఠకుడు, మంచిర్యాల

జవాబు: పాత టేకు మీద మీకున్న మమకారం సరైనదే, దాన్ని పారేయమని మేం చెప్పం. కానీ పేర్చే ఉపరితలానికి వాడొద్దు. నిండు చెక్క ఎంత పాతదైనా అడ్డంగా కదులుతూనే ఉంటుంది. మన దగ్గర మేలో గాలి పొడిగా మండిపోతుంది, ఆగస్టులో ఉప్పు డబ్బా కారిపోతుంది. రెండడుగుల వెడల్పు టేకు పలకలో ఆ రెండు కాలాలకూ మధ్య నాలుగు మిల్లీమీటర్ల దాకా తేడా రావచ్చు, అదీ టేకు కాబట్టి. నాలుగు బద్దలు అతికించిన పలకయితే ఎండల్లో అతుకు దగ్గర సన్నటి సందు తెరుచుకుంటుంది. పజిల్ ముక్క మందం సుమారు 2 మిల్లీమీటర్లు, అంచు ఆ సందులో దిగబడుతుంది. ప్లైలో పొరలు ఒకదానికొకటి అడ్డంగా వేసి అతికించడం వల్ల ఒక పొర కదలికను పక్క పొర ఆపుతుంది. ఇక్కడ ప్లైకి ఉన్న గొప్ప అదొక్కటే, అదే మనకు కావలసింది.

మీ తలుపును రీపర్లకూ, బీడింగ్‌కూ, సొరుగుల ముందు పట్టీలకూ వాడండి. అంత పొడిగా పండిన చెక్క ఇవాళ డిపోలో దొరకదు. సామిల్లుకు తీసుకుపోయే ముందు పాత మేకులన్నీ పీకించండి. పైకి కనిపించని విరిగిన మేకుల కోసం గట్టి అయస్కాంతం చెక్క మీద నెమ్మదిగా లాగి, తగిలినచోట సుద్దతో గుర్తు పెట్టండి. ఒక్క మేకు రంపం బ్లేడుకు తగిలితే పళ్లు పోతాయి, మనుషులకు దెబ్బ తగిలే ప్రమాదమూ ఉంది. కోయించాక చేవ లేని తెల్ల చెక్క కనిపిస్తే ఆ ముక్కలు పక్కన పెట్టేయండి. పిండి పురుగు మొదలయ్యేది అక్కడే. టేకులో సహజంగా జిడ్డు ఉంటుంది కాబట్టి జిగురు పూసే ముందు కోసిన ముఖాన్ని థిన్నర్ గుడ్డతో తుడిచి, ఆరగానే అతికించాలి. తుడవకపోతే జిగురు పట్టినట్టే ఉండి తర్వాత పెచ్చులా ఊడుతుంది.

నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క తేలికగా ఉంటుంది, దాంతో చేయించొచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. పొనికి చెక్కడానికి పుట్టిన చెక్క. మెత్తన కాబట్టి స్క్రూ పట్టదు, అంచులు నొక్కుకుపోతాయి. ముక్కలు వేరుచేసుకునే చిన్న పళ్లేలకు బాగానే ఉంటుంది గాని రీపర్లకు పనికిరాదు.

జిగ్సా పజిల్ మొదలైందే చెక్క మీద. 1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే పటాల చెక్కడపు పనివాడు దేశపటాన్ని చెక్క పలక మీద అతికించి, సరిహద్దుల వెంట కోసి పిల్లల చదువుకు అమ్మాడు. కాబట్టి మీ టేకు ఈ ఆటకు పరాయిది కాదు.

ప్రశ్న: పలక మీద నేనే ఫెల్ట్ అతికించాను. బుడగలు వచ్చాయి, రెండు చోట్ల జిగురు పైకి ఊరి గట్టిపడింది. పైగా జోడించిన తునకను పక్కకు జరపబోతే విడిపోతోంది. ఫెల్ట్ ఎంచుకోవడమే పొరపాటా?
— ఓ పాఠకురాలు, కాజీపేట

జవాబు: ఫెల్ట్ పొరపాటు కాదు, జిగురు ఎక్కువైంది. తెల్ల జిగురును బ్రష్‌తో పోసినట్టు పూస్తే బట్ట తాగేస్తుంది. చిన్న రోలర్‌తో చెక్కకు మాత్రమే, చెక్క రంగు లోపల కనిపించేంత పలుచగా పూయాలి. ఐదు నిమిషాలు ఆగి వేలు పెడితే అంటుకుని, తడి రాకుండా ఉన్నప్పుడు బట్ట వేయాలి. బట్టను అన్ని వైపులా 20 మి.మీ. ఎక్కువ కత్తిరించుకుని, నడుమ నుంచి అంచులకు అరచేత్తో రుద్దుకుంటూ పోవాలి. లాగకూడదు. లాగి అతికించిన ఫెల్ట్ రాత్రికి వెనక్కి ముడుచుకుని, అంచు దగ్గర చెక్క బయటపడుతుంది. ఆరాక బీడింగ్‌కు ఆనించి స్టీలు స్కేలు పెట్టి, కొత్త బ్లేడుతో ఒక్క గీతలో కోయాలి. పాత బ్లేడు కొయ్యదు, పీచు లాగుతుంది.

ఇప్పుడున్న బుడగలకు సూది సిరంజిలో నీళ్లు కలపని జిగురు రెండు చుక్కలు ఎక్కించి, పైన పాలిథిన్ కాగితం, దాని మీద పుస్తకాలు పెట్టి రాత్రంతా ఉంచండి. గట్టిపడిన మచ్చలు పోవు. అంచు వైపు ఉంటే వదిలేయండి, నడుమ ఉంటే ఆ బట్ట తీసి కొత్తది వేయడమే మేలు.

తునకలు జరగకపోవడం ఫెల్ట్ గుణం. జారకుండా పట్టి ఉంచేదే జరపబోతే అడ్డుపడుతుంది, రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. పాత క్యాలెండర్ వెనక అట్టో, పలుచటి ప్లాస్టిక్ ఫైలు రేకో తునక కిందికి నెమ్మదిగా తోసి, దాంతో సహా జరపండి. మఖ్మల్ బట్ట మాత్రం వేయొద్దు. దాని నూగు ఒక వైపు జారుతుంది, ఎదురు వైపు పట్టేస్తుంది, ముక్క ఎటు పోతుందో చేతికి తెలియదు. చవక ఫెల్ట్‌లో పీచు ఊడుతుంది. కొనేముందు అరచేత్తో పదిసార్లు గట్టిగా రుద్ది చూడండి, చేతికి నూగు అంటితే తీసుకోవద్దు.

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై దాటినై. పజిల్ అంటే ప్రాణం, కానీ వంగి చూసి చూసి మెడ పట్టేస్తున్నది. పలకను వాలుగా నిలబెట్టొచ్చా? గుండ్రంగా తిరిగేటట్టు చేస్తే మంచిదా?
— ఓ పాఠకుడు, పెద్దపల్లి

జవాబు: వాలుగా నిలబెట్టండి, మెడకు వెంటనే తేడా తెలుస్తుంది. 762 మి.మీ. లోతు పలకకు వెనక వైపు 132 మి.మీ. లేపితే 10 డిగ్రీలు, 197 లేపితే 15 డిగ్రీలు. ఫెల్ట్ ఉంటే 15 దాకా ముక్కలు నిలుస్తాయి. నున్నటి సన్‌మైకా అయితే 10 దాటొద్దు. 18 మి.మీ. ప్లైతో త్రికోణాలు రెండు కోయించి పలక కింద కుడి ఎడమల పెడితే చాలు, కబ్జాలు (మడత బందులు) అక్కర్లేదు. త్రికోణం సన్నటి కొనను పలక ముందు రీపర్ కింద దాకా తీసుకురావాలి, లేకపోతే నడుమ ఆధారం లేక అడుగు పలక వంగుతుంది. ముందు అంచు కిందికి జారకుండా టేబుల్ మీద రబ్బరు మ్యాట్ ముక్క పరవండి.

దీనికన్నా ముందు కుర్చీ ఎత్తు చూడండి. మామూలు డైనింగ్ టేబుల్ 30 అంగుళాలు, దాని మీద సొరుగుల పలక ఇంకో రెండున్నర. 18 అంగుళాల కుర్చీలో కూర్చున్న పెద్దావిడ భుజాలు ఎత్తి చేతులు చాపాల్సి వస్తుంది. మెడ నొప్పి కొంత అక్కణ్నుంచే. రెండంగుళాల గట్టి దిండు వేసి, కాళ్ల కింద చిన్న పీట పెట్టండి. దీపం కుడిచేతి వాళ్లకు ఎడమ వైపు నుంచి రావాలి.

తిరిగే బేరింగ్ మాత్రం ఆమెకు వద్దు. మోచెయ్యి ఆనించగానే పలక కదులుతుంది, వాలుగా నిలపడానికీ కుదరదు. ఇద్దరు ముగ్గురు చుట్టూ కూర్చుని పేర్చే ఇంట్లో అయితే 12 అంగుళాల బేరింగ్ బాగా పనికొస్తుంది. అప్పుడు పలక వెడల్పు కాదు, మూల నుంచి మూలకు ఉన్న కొలత చూడాలి. 915 × 762 పలక తిరగడానికి దాదాపు 1.2 మీటర్ల వృత్తం ఖాళీగా కావాలి. ఆ వృత్తంలో నీళ్ల గ్లాసు ఉండకూడదు.

ప్రశ్న: 3000 ముక్కల పజిల్ కొన్నాను. రెండు పలకలుగా చేసి కబ్జాలతో మడిచేటట్టు చేయించొచ్చా?
— ఓ పాఠకుడు, జగిత్యాల

జవాబు: మడత వద్దు. పజిల్ ఉన్నప్పుడు ఎలాగూ మడవలేరు, కబ్జా దగ్గర మిట్ట మాత్రం మిగులుతుంది. 3000 ముక్కలది 121 × 80 సెం.మీ. ఉంటుంది. నాలుగడుగుల వెడల్పు షీటు అంటే 122 సెంటీమీటర్లే, బీడింగ్ వేయడానికే చోటు చాలదు. పొడవును షీటు ఎనిమిదడుగుల వైపు నుంచి తీసి 54 × 38 అంగుళాల పలక చేయించండి. సొరుగులు లేకుండా, కింద రీపర్లు ఐదు. 38 అంగుళాల పలక పడుకోబెట్టి చాలా తలుపుల్లోంచి పోదు కాబట్టి ఏ గదిలో మొదలుపెడతారో ఆ గదిలోనే పూర్తి చేయాలి. అలా కుదరకపోతే మడత లేకుండా రెండు విడి పలకలు తీసుకుని సగం సగం పేర్చండి, చివర్లో నేల మీద దుప్పటి పరిచి ఒకదాని పక్కన ఒకటి ఆనించి, రేకుతో జరిపి కలపండి.

ప్రశ్న: వానలు మొదలైతే ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరడం లేదు. పలక లోపమా? ఇంకో భయం చెదలు. పలకను గోడకు ఆనించి ఉంచుతున్నం.
— ఓ పాఠకురాలు, ములుగు

జవాబు: పలక లోపం కాదు. ముక్కల అట్ట తేమ తాగి ఉబ్బింది. బలవంతంగా నొక్కితే నాలుక దగ్గర బొమ్మ కాగితం లేస్తుంది. పెట్టెలో బియ్యం మూట కాకుండా సిలికా జెల్ పొట్లాలు నాలుగైదు వేసి రెండు రోజులు మూసి ఉంచండి. బియ్యం పిండి ముక్కలకు అంటుతుంది, పురుగునూ పిలుస్తుంది. ఎండలో పెట్టొద్దు, పైపొర ముందు ఎండి ముక్క వంకర పోతుంది.

పలకను గోడకు ఆనించడం ఇవాళ్టి నుంచే మానేయండి. వాలుగా నిలబెట్టిన పలక తన బరువుకే నెలల్లో వంగుతుంది. చెదలు గోడ వెంట మట్టి దారి వేసుకుని నేరుగా ఎక్కేదీ అక్కణ్నుంచే. నేల మీద పెట్టాల్సి వస్తే పడుకోబెట్టి, మూలలకు నాలుగు, నడుమ రెండు రబ్బరు బిళ్లలు వేసి, గోడకు జానెడు దూరంలో ఉంచండి. వారానికోసారి పలకను ఎత్తి అడుగు చూడండి. అడుగు పలక ప్లై కోసిన అంచులు పచ్చిగా వదిలితే తేమ, పురుగు రెండూ అక్కడే చొరబడతాయి. ఆ నాలుగు అంచులకూ రెండు చేతులు సీలర్ పట్టించండి. పైన మూత వేసి ఇలాస్టిక్ పట్టీ బిగించాక దాని మీద ఇంకే బరువూ పెట్టొద్దు. 4 మి.మీ. మూత నడుమ దిగి పజిల్‌కు తగులుతుంది.